వెనక ఎడమ చక్రం

నాయన శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. కారు బ్రేకులు, చక్రాల పైన కుదుపులు ఆపే కమాన్ పట్టీలు అన్నీ విప్పేశామని, కొత్త సామాను వచ్చిందని, ఆదివారం అదే కారులో వికారాబాద్‌లోని మా ఇంటికి వస్తామని చెప్పాడు. బ్రేకు మెత్తబడ్డప్పటి నుంచి ఆ కారు మధ్యదారిలో ఉన్న అనంతగిరి కొండ ఘాటు దిగలేదు. అంటే నాయన కారులో మా ఇంటికి వచ్చి చాలా కాలమైంది. నేను సంతోషించాల్సిన మాటే. కానీ నా బుద్ధి ఇంకో దారిలో పోయింది. నాయన మోకాళ్లు వంగవు. మరి కారు కిందికి దూరింది ఎవరు?

"ఎవలు ఇప్పిన్రు నాయినా? మెకానిక్ వచ్చిండా?"

"మెకానిక్ ఎందుకు బిడ్డా, కోడలున్నది కద," అన్నాడు.

ఆ మాటలో ఒక ధీమా ఉంది. ఒకప్పుడు అది నా మీద ఉండేది. కాలేజీ ఆఫీసులో సెలవు చెప్పేసి మధ్యాహ్నం రైలుకే తాండూరు బయలుదేరాను. ఆదివారం వాళ్లే వస్తుంటే ఇప్పుడు నువ్వెందుకు పోవడం అని మా ఆయన అడిగాడు. కారు చూడాలని ఉందన్నాను. నిజానికి కడుపు మండుతోంది. మా తమ్ముడి భార్య మీద నాకు ఈర్ష్య. పెళ్లయి ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఉంది, కాకపోతే అప్పటిదాకా పేలాల్లా అప్పుడొకటి అప్పుడొకటి ఎగిరేది. ఆ రోజు మాత్రం రైలు దిగేదాకా ఆగకుండా వేగింది.

ఆ కారు గురించి చెప్పాలి. నాయనకు తాండూరులో చిన్న బండల పాలిష్ మిషన్ ఉండేది. నేను బడికి పోయే రోజుల్లో ఒక రిటైరైన డాక్టరు దగ్గర ఆ కారు కొన్నాడు. గుండ్రటి ముక్కు, మీగడ రంగు, స్టీరింగు పక్కనే గేరు. ఇప్పుడైతే దాన్ని చూసి జనం ఆగి ఫోటోలు తీసుకుంటారు. అప్పట్లో ఆగి తోసేవాళ్లు. నాయన దాన్ని ఏ మెకానిక్ దగ్గరికీ తీసుకుపోలేదు. రిపేరు ఏదైనా మా ఇంటి ముందరే, తాండూరు పద్ధతిలో. అంటే జాకీతో లేపి, కింద నాపరాళ్లు దొంతిగా పేర్చి, రాయికీ రాయికీ మధ్య గోనెసంచి మడిచి పెట్టి, వాటి మీదికి కారును దించడం. మా ఊళ్లో ఇనుప స్టాండ్లు ఎవరికీ ఉండేవి కావు, బండలు మాత్రం ప్రతి ఇంటి గోడకీ ఆనించి ఉండేవి.

బ్రేకు పనిలో చివర గాలి తీయడం అని ఒకటుంటుంది. బ్రేకు నూనె పైపుల్లో గాలి చిక్కితే పెడల్ ఎంత తొక్కినా కారు ఆగదు. దాన్ని బయటికి పంపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కారు కింద పడుకుని చక్రం దగ్గరుండే చిన్న నిప్పిల్‌ను పానాతో తెరిచి మూస్తారు. ఇంకొకరు పైన కూర్చుని పెడల్ తొక్కి పడతారు. కింది వాళ్లు నిప్పిల్ మూయకముందే పైవాళ్లు కాలు తీశారంటే గాలి మళ్లీ లోపలికి పోతుంది, మొదటికి వస్తుంది. కాబట్టి ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినాలి. మా ఇంట్లో ఆ పై మనిషిని నేను. తమ్ముడికి ఓపిక లేదు, అమ్మకు ఆ నూనె వాసన పడదు.

"తొక్కు," అనేవాడు నాయన కింది నుంచి. తొక్కేదాన్ని. "పట్టు." సీటు అంచుకు జారి, బరువంతా కాలి మీద వేసి పట్టేదాన్ని. "పట్టిన నాయినా," అని గట్టిగా చెప్పేదాన్ని, అది చెబితేనే ఆయన నిప్పిల్ తెరిచేది. పెడల్ మెల్లగా కిందికి కుంగేది. అంతలో నిప్పిల్ మూసి "ఇడువు" అనేవాడు. ఈ మూడు మాటలే. నాయన మామూలుగా మాటలు తక్కువ మనిషి. బళ్లో మార్కులొచ్చినా తల ఊపి ఊరుకునేవాడు. కానీ చక్రం అయిపోయాక కింది నుంచి బయటికి వచ్చి, నూనె చేతులు తుడుచుకుంటూ, "నా బిడ్డ కాలు గట్టిది," అని వాకిట్లో ఎవరుంటే వాళ్లకు చెప్పేవాడు. ఆ మాట కోసం నేను రోజంతా కూడా పెడల్ తొక్కేదాన్ని.

తాండూరులో దిగి ఆటోలో ఇంటి సందు మలుపు తిరిగేసరికి గొంతులు వినబడ్డాయి.

"ఒత్తు మామా."

"ఒత్తిన."

"హిడి."

"హిడిదీని."

కారు బండల దొంతుల మీద నాలుగు కాళ్లు ఎత్తుకుని ఉంది. చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. కింద నుంచి మరదలి పాదాలు బయటికి కనబడుతున్నాయి, మెట్టెల మీద గ్రీజు. పైన డ్రైవర్ సీట్లో, నా సీట్లో, నాయన కూర్చుని ఉన్నాడు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, కాలి మీద బరువు వేసి, ముందుకు చూస్తూ ఉన్నాడు. చిన్నప్పుడు నేనూ అలాగే కూర్చునేదాన్నేమో.

"బిడు," అంది ఆమె కింది నుంచి. నాయన బుద్ధిగా కాలు తీశాడు.

మా మరదలిది సరిహద్దు అవతల సేడం వైపు. ఆమె అన్నలకు ట్రాక్టర్లున్నాయి, వాటి విడిభాగాల మధ్య పెరిగింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది, తొందరలో మాత్రం కన్నడం వస్తుంది. ఒత్తు అంటే తొక్కు, హిడి అంటే పట్టు, హిడిదీని అంటే పట్టిన, బిడు అంటే వదులు. ఈ మాత్రం కన్నడం తాండూరులో పుట్టిన ఎవరికైనా తెలుసు. నాయనకు కన్నడం రావడం కొత్తేం కాదు, బండల బేరాలన్నీ ఆ భాషలోనే చేశాడు. కానీ బ్రేకు దగ్గర మా మాటలు వేరే ఉన్నాయి. అవి ఏమయ్యాయి? నేను పెళ్లి చేసుకుని పోతే వాటిని కూడా పెట్టెలో సర్ది పంపేశారా?

"వదినె వచ్చిన్రా," అంటూ ఆమె బయటికి జరిగి నవ్వింది. ముఖం మీద నూనె మరక. అది కూడా ఆమెకు అందంగానే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"మామను పేరు పెట్టి పిలిచినట్టే ఒత్తు, బిడు అంటున్నవేందమ్మా," అన్నాను, నవ్వుతున్నట్టే.

ఆమె జవాబు చెప్పేలోగా నాయన అందుకున్నాడు. "నేనే అట్ల అనుమన్న. కారు కింద ఉన్నోళ్లదే మాట. ఆడ మర్యాదలు పెట్టుకుంటే గాలి వోతదా?"

ఆ రోజు రెండు ముందు చక్రాలు అయిపోయాయి. నేను మంచం మీద కూర్చుని చూశాను. ఆమె కొత్త బ్రేకు షూలు ఎక్కించే పద్ధతి, స్ప్రింగును స్క్రూడ్రైవర్‌తో లాగి ఒక్క విసురుతో తగిలించడం, పాత రబ్బరు బుష్షును వేలితో నొక్కి చూసి పక్కన పడేయడం, అన్నీ చూశాను. తప్పు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. అమ్మ కందులు ఏరుతూ నా పక్కన కూర్చుని, "మస్తు పని నేర్చింది పిల్ల," అంది. నేను కందుల చాటలోంచి ఒక రాయి తీసి అవతలికి గట్టిగా విసిరాను. అది పోయి గోడకు ఆనించిన చక్రానికి తగిలింది.

శనివారం పొద్దున చాయ్ తాగుతూ, "రేపు ఘాటు మీద నేను తోలుత నాయినా," అన్నాను. చాలా మామూలుగా అన్నాను. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది. నాయన కాళ్లతో ఇప్పుడు ఘాటు దిగలేడు. నేను తోలితే ఆయన నా పక్కన కూర్చుంటాడు, కారు మా ఇంటి ముందర ఆగుతుంది, మా వీధిలో వాళ్లు చూస్తారు.

నాయన చాయ్ ఊదుకుని, "రూలు నీకెరుకే కద," అన్నాడు.

ఎరుకే. ఆ రూలు ఆయనే పెట్టాడు. బ్రేకు ఎవరు కడితే మొదటిసారి కారు వాళ్లే తోలాలి. తాను కట్టిన బ్రేకు మీద తన ప్రాణం పెట్టనివాడు ఇంకొకరి ప్రాణం పెట్టకూడదని ఆయన లెక్క. ఎన్నోసార్లు పక్కింటి వాళ్ల బండ్లకు కూడా ఆయనే బ్రేకు కట్టి, తానే మొదట తోలి, తర్వాతే తాళంచెవి ఇచ్చేవాడు. అయితే మా ఇంట్లో కట్టేది ఎప్పుడూ ఆయనే కాబట్టి ఆ రూలు నా మీద ఎప్పుడూ పడలేదు.

"అయితే ఒక చక్రం నేను కడుత," అన్నాను.

"నీకు కింద పని రాదు కద బిడ్డా."

"నువ్వు నేర్పిస్తే వచ్చేది. చిన్నప్పుడు నన్ను ఒక్కసారన్న కిందికి రానిచ్చినవా?"

గొంతు కొంచెం పెరిగినట్టుంది, అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బండ పగులుతదని భయముండె," అన్నాడు. "నువ్వు చిన్నదానివి."

"మరి ఆమెను?"

"ఆమె నన్ను అడగలే. దూరింది."

ఆ మాట నన్ను కోసింది. నేను అన్నేళ్లూ పైన కూర్చుని, పిలిస్తే పలకడమే పెద్ద పదవి అనుకున్నాను. దూరితే సరిపోయేదని నాకు తోచలేదు. ఇప్పుడు ఈర్ష్య ఒక్క సీటు గురించి కాదు. నాకు లేని తెగువ ఆమెకు ఉంది, దానికి కూడా.

మరదలే మధ్యలోకి వచ్చింది. "ఎన్క రెండు ఉన్నయి వదినె, ఎడమది మీరు చేయండ్రి. నేను చెప్త."

నువ్వు చెప్తావా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. పాత చీర మార్చుకుని కారు కిందికి దూరాను. వెల్లకిలా పడుకుంటే పైన ఇనుము, మట్టి, నూనె, పక్కన మా బండల దొంతి. ఇన్నేళ్లూ నాయన చూసింది ఇదీ అనుకున్నాను. పాత షూలు అరిగి ఇనుము తేలి ఉన్నాయి. వాటిని విప్పేసరికి వేళ్ల చర్మం లేచింది. కమాన్ పట్టీ చివర ఉండే రబ్బరు బుష్షులు ఎండి, చిట్లి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. కొత్తవి సబ్బునీళ్లు పూసి ఎక్కించాను. మరదలు పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తూ, ఎటు తిప్పాలో చెబుతూ ఉంది. ఓపికగా చెబుతోంది. అదే నాకు భరించరాకుండా ఉంది.

"వదినె, ఆ బుష్షు మీది పెద్ద నట్టు ఇప్పుడు ఊకె పట్టించి పెట్టండ్రి. గట్టిగ బిగించొద్దు. బండి నేల మీద నిలవడ్డంక, బరువు పడ్డంక బిగిద్దాం."

నాకు అది వినబడింది. బాగా వినబడింది. ఆమె చెప్పింది కాబట్టే నా చెయ్యి ఆగలేదు. ఒదులుగా పెడితే చక్రం ఊడిపోదా, నట్టు బిగించడం కూడా నాకు రాదనుకుంటోందా అనుకున్నాను. ఆమె బ్రేకు నూనె డబ్బా కోసం లోపలికి పోగానే పానా వేసి, రెండు కాళ్లూ బండకు తన్నిపెట్టి, నట్టు ఇక తిరగనంత గట్టిగా బిగించాను. నా బిడ్డ కాలు గట్టిదని నాయన అనేవాడు. చెయ్యి కూడా గట్టిదే.

గాలి తీసే వేళకు నాయన వచ్చి మళ్లీ నా సీట్లో కూర్చున్నాడు. నేను కింది నుంచి, మొట్టమొదటిసారి, "తొక్కు నాయినా," అన్నాను. తొక్కాడు. "పట్టు," అన్నాను.

"హిడిదీని," అన్నాడు నాయన.

అలవాటులో వచ్చిన మాట. ఆయనకు తెలియను కూడా తెలియదు. నేను నిప్పిల్ తెరిచాను. నూనెతో పాటు బుడగలు వచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నూనె చిందిందని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను.

సాయంత్రం బండి నేలకు దించాక మిగతా నట్లన్నీ మరదలు బిగించింది, నాది అయిపోయిందన్నాను. ఆదివారం చర్చి నుంచి రాగానే బయలుదేరాం. తమ్ముడికి ఫ్యాక్టరీలో షిఫ్టు, అమ్మ కారులో తల తిరుగుతుందని రానంది. మూడు చక్రాలు కట్టిన మరదలు స్టీరింగు దగ్గర కూర్చుంది. పక్కన నాయన. ఒక్క చక్రమే కట్టిన నేను వెనక, సరిగ్గా నా చక్రం మీదే కూర్చున్నాను. తాళంచెవి ఆమె చేతికి ఇస్తూ నాయన, "జర పైలం బిడ్డా," అన్నాడు. బిడ్డ. ఆ మాట కూడా అటే పోయింది.

ఊరు దాటి కంది చేన్ల మధ్య రోడ్డు ఎక్కేసరికి కీచుమని ఒక చప్పుడు మొదలైంది. రోడ్డు మీద చిన్న ఎత్తు వచ్చినా, గుంత వచ్చినా కీచు. అది నా సీటు కింద నుంచే వస్తోంది. ధారూరు దగ్గర స్పీడు బ్రేకర్ మీద అది ఎంత గట్టిగా అరిచిందంటే రోడ్డు పక్కన మేకలు తలెత్తి చూశాయి. గాలిలో వేలాడుతున్న పట్టీకి బుష్షును బిగించేస్తే, నేల మీద బరువు పడ్డాక రబ్బరు మెలి తిరుగుతుంది, నలిగి అరుస్తుంది. కీడేం లేదు, చప్పుడే. ఆమె నిన్న చెప్పింది ఇదేనని వెనక సీట్లో కూర్చుని తెలుసుకున్నాను. అరుపు అరుపుకీ తెలుసుకున్నాను.

అనంతగిరి మీద, ఘాటు దిగడానికి ముందు, నాయన కారు పక్కకు ఆపించాడు. "ఎవలో బండి దించకముందే నట్టు బిగించిన్రు," అన్నాడు. వెనక్కి తిరగలేదు. "ఏ చక్రం అది?"

నేను నోరు తెరిచేలోగా మరదలు అంది. "నాదే మామా. ఎన్క కుడిది. మర్చిపోయి బిగించినట్టున్న."

ఆమె నా వైపు చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు. చెప్పి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని మామూలుగా కూర్చుంది. నన్ను కాపాడుతోంది. నా ప్రాణం చివుక్కుమంది. నాయన పక్క సీటు ఆమెది. నాయన కాలు ఆమె మాట వింటుంది. బిడ్డ అనే పిలుపు ఆమెది. మూడు చక్రాలు ఆమెవి. చివరికి మంచితనం కూడా ఆమె ఖాతాలోకేనా? ఆ కారు మొత్తం మీద నాదంటూ మిగిలింది ఆ అరుపు ఒక్కటే. దాన్ని కూడా ఆమెకు ఇవ్వడం నా వల్ల కాలేదు.

"కాదు నాయినా," అన్నాను. "అది ఎడమ దిక్కుది. నేను కట్టిన. వద్దంటున్నా నేనే బిగించిన. అది నాది."

నాయన ఇప్పుడు వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు. కోపం వస్తుందనుకున్నాను.

"మరి ఎన్క కూసున్నవేంది?" అన్నాడు. "ఏ చక్రం మీద ఫికరున్నదో అది కట్టినోళ్లు తోలాలె. దిగు. ముందటికి రా."

మరదలు అప్పటికే తలుపు తెరుచుకుని దిగుతోంది. ఆమె దిగి, నేను ఎక్కి, సీటు ముందుకు జరుపుకున్నాను. అదే సీటు. అంచు దగ్గర రెక్జిన్ చిరిగి ఉండే చోటు ఇంకా అలాగే ఉంది. కుడి కాలు పెడల్ మీద పెట్టాను. గట్టిగా ఉంది, రాయిలా. నాలుగు చక్రాలకూ ఎక్కడా గాలి లేదు. ఆమె మూడింటికి తీసింది, నేను ఒకదానికి తీశాను.

ఘాటు దిగడం మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క చెట్లు, ఎదురుగా బస్సు. మొదటి మలుపు రాగానే నాయన చెయ్యి డాష్‌బోర్డు మీదికి పోయింది. రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"తొక్కు."

తొక్కాను. కారు ముక్కు వంచి, నెమ్మదించింది.

"పట్టు."

వెనక సీట్లో నా చక్రం మీద మరదలు కూర్చుని ఉంది. కీచు చప్పుడు ఇప్పుడు ఆమె కింది నుంచి వస్తోంది. ఆమె వింటోందని తెలుసు. కావాలనే, చిన్నప్పటి కంటే గట్టిగా, ఘాటంతా వినబడేలా అన్నాను.

"పట్టిన నాయినా."